పన్నెండు ఆకుల కొమ్మ: చిన్నపిల్లలతో మా శరత్కాలపు షికార్లు

నిరుడు సెప్టెంబరు మూడో వారంలో పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని ఒక జలపాతం చూడడానికి బయలుదేరాం. కారులో మూడు గంటల దారి. పెద్దదానికి అప్పటికి ఐదేళ్లు నిండాయి, చిన్నవాడికి రెండున్నర. గంట గడిచేసరికి పెద్దది "అమ్మా, కడుపులో తిప్పుతోంది" అంది. పది నిమిషాలకల్లా వాంతి చేసుకుంది. కారు ఆపి, ఒళ్లు తుడిచి, బట్టలు మార్చేలోగా చిన్నవాడికి నిద్ర చెడింది. ఇక ఏడుపు అందుకున్నాడు. మూడు గంటల దారి కాస్తా ఐదు గంటలు పట్టింది. జలపాతం దగ్గర కారు ఆగే సమయానికి వాడు గాఢనిద్రలో ఉన్నాడు. మావారు వాడిని భుజాన వేసుకుని కారు దగ్గరే ఉండిపోయారు. నేనూ పెద్దదీ వెళ్లి పావుగంట నీళ్లు చూసి తిరిగొచ్చాం. ఇంటికి వచ్చే దారిలో చీకటి పడింది. కారులో ఎవరమూ ఎక్కువగా మాట్లాడలేదు.

ఆ రాత్రి పక్క వేస్తూ పెద్దదాన్ని అడిగాను, ఇవాళ నీకు ఏది బాగుందని. జలపాతం పేరు చెబుతుందనుకున్నాను. "కారు ఆపిన చోట చీమలు" అంది. వాంతి చేసుకున్నాక దాన్ని రోడ్డు పక్కన రాతి మీద కూర్చోబెట్టాను. అక్కడ చీమల బారొకటి చచ్చిన కందిరీగను లాక్కుపోతోందట. రెక్క ఒకటి గడ్డిపరకకు చిక్కుకుంటే, బారులో సగం చీమలు వెనక్కి వచ్చి దాన్ని విడిపించాయట. అదంతా నా కాళ్ల దగ్గరే జరిగింది. తడి గుడ్డలు వెతుక్కుంటూ నేను చూడనే లేదు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మేము వాళ్లను చూడదగిన చోట్లకు తీసుకెళ్లాలని తాపత్రయపడుతున్నాం. వాళ్లు ఎక్కడ కూర్చోబెడితే అక్కడే చూస్తున్నారు. మావారితో అన్నాను: ఈ ఆకురాలు కాలమంతా ముప్పావుగంట దాటిన ప్రయాణం వద్దు, కొత్త చోట్లు కూడా వద్దు, ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్దామని. "పిల్లలకు విసుగు రాదా?" అన్నారు ఆయన. ఆ అనుమానం నాకూ లేకపోలేదు. అయినా ఒప్పుకున్నారు.

మేము ఎంచుకున్నది ఇంటికి నలభై నిమిషాల దూరంలో ఉన్న చెరువు. చుట్టూ మట్టిబాట, ఒక వైపు చెట్లు, ఇంకో వైపు గడ్డి. ఆ చోటును ఎంచుకోవడానికి పెద్ద కారణాలేమీ లేవు. కారు నిలిపే చోటు పక్కనే మరుగుదొడ్డి ఉంది, బాట మీద వాహనాలు రావు, మధ్యలో ఎక్కడైనా వెనక్కి తిరగవచ్చు. చిన్నపిల్లలతో వెళ్లేవారికి ఈ మూడూ ఉంటే చాలునని నా నమ్మకం. అందం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ముందుగా వాంతుల సంగతి తేల్చుకోవలసి వచ్చింది. పిల్లల డాక్టరుగారిని అడిగితే విడమరచి చెప్పారు. లోచెవి శరీరం కదులుతోందని మెదడుకు చెబుతుంది. పుస్తకం మీదో ఫోను మీదో ఉన్న కళ్లు మాత్రం ఏదీ కదలడం లేదంటాయి. ఈ రెండు కబుర్లూ పొసగక వికారం పుడుతుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. ఆ రోజు పెద్దదాని చేతికి బొమ్మల పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టింది నేనే. అప్పటి నుంచి కారులో పుస్తకాలు, తెరలు మానేశాం. బయలుదేరే ముందు కడుపు నిండా పెట్టకుండా కొద్దిగా తినిపించడం, కిటికీ కాస్త దించడం, ముందు కనిపించే దూరపు చెట్టునో గోపురాన్నో చూపించి "అక్కడికి ఎప్పుడు చేరతామో చెప్పు" అనడం మొదలుపెట్టాం. ఆ సీజనులో మళ్లీ ఒక్కసారి కూడా వాంతి కాలేదు.

రెండోది నిద్ర. చిన్నవాడికి మధ్యాహ్నం ఒంటిగంటకు నిద్ర ముంచుకొస్తుంది. కాబట్టి పొద్దున్న ఎనిమిదిన్నరకు ఇల్లు వదలాలి, పన్నెండున్నరకు తిరుగుముఖం పట్టాలి. అప్పుడు వాడి నిద్ర కారులోనే మొదలవుతుంది. ఇల్లు చేరాక ఎత్తుకుని మంచం మీద వేస్తే ఇంకో గంట కదలడు. ఈ ఒక్క మార్పుతో మా షికారు స్వభావమే మారిపోయింది. అంతకుముందు సామాన్లన్నీ సర్దుకుని పదకొండుకు బయలుదేరి, సరిగ్గా వాడు తూగే వేళకు చేరేవాళ్లం.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే నాకు ఆలస్యంగా తెలిసింది. చలి మొదలయ్యాక పిల్లలకు మందపాటి కోటు తొడిగి, దాని మీదే కారు సీటు బెల్టు బిగించేదాన్ని. అలా చేయకూడదట. బెల్టు గట్టిగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఏదైనా గుద్దుకున్నప్పుడు మాత్రం కోటులోని దూది నొక్కుకుపోయి బెల్టు వదులవుతుంది, పిల్ల అందులోంచి జారిపోవచ్చు. ఇంట్లో ఒకసారి చేసి చూశాను: కోటుతో బెల్టు బిగించి, ఆ కొలత మార్చకుండా కోటు విప్పి మళ్లీ కూర్చోబెడితే, బెల్టుకూ దాని ఛాతీకీ మధ్య నా అరచెయ్యి దూరింది. ఆ రోజు నుంచి పలచటి స్వెట్టరు మీద బెల్టు, బెల్టు మీద దుప్పటి. కోటు దిగాకే.

మొదటిసారి చెరువుకు వెళ్లింది సెప్టెంబరు చివరి ఆదివారం. సెప్టెంబరు 22, 23 తేదీల దగ్గర పగలూ రాత్రీ ఇంచుమించు సమానమవుతాయి. ఆ తర్వాత మేముండే చోట పగలు రోజుకు రెండు మూడు నిమిషాల చొప్పున తరుగుతూ పోతుంది. మన ఋతువుల లెక్కలో శరత్తు అంటే తేటపడ్డ నీళ్లు, మబ్బు వీడిన ఆకాశం, వెన్నెల. ఆకులు రాలడం శిశిరం పని. ఇక్కడ ఆ రెండూ కలిసే వస్తాయి. పిల్లలకు "శరత్తు" అన్న మాట నేర్పాను గానీ, వాళ్లు దాన్ని "ఆకుల కాలం" అనే పిలుచుకున్నారు.

బాట పక్కన చేతికందే ఎత్తులో ఒక మేపుల్ కొమ్మ ఉంది. పెద్దదాని జడకు కట్టిన ఎర్ర ఊలు దారం ఊడి వస్తే, దాన్ని ఆ కొమ్మకు కట్టాం. మేపుల్ ఆకులు కొమ్మకు రెండు వైపులా ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. దారం నుంచి కొస వరకు ఆరు జంటలున్నాయి. పన్నెండు ఆకులు. "వచ్చినప్పుడల్లా లెక్కపెడదాం" అంది పెద్దది. చిన్న నోటుపుస్తకంలో తేదీ నేను రాశాను, 12 అన్న అంకె అది వేసింది.

ఆ రోజు మేము నడిచిన దూరం కిలోమీటరుకు కాస్త తక్కువ, పట్టిన సమయం గంటా యాభై నిమిషాలు. మొదట్లో నాకు కాళ్లు ఆగలేదు. "రండి, రండి" అంటూ ముందుకు నడుస్తూనే ఉన్నాను. చిన్నవాడు ప్రతి గుంట దగ్గరా ఆగాడు. ప్రతి రాయినీ తీసి అదే చోట పెట్టాడు. మూడోసారి "రండి" అన్నప్పుడు ఎవరి కోసం తొందరపడుతున్నానో నాకే తెలియలేదు. ఆ తర్వాత వాడి వెనకే నడిచాను.

ఆ నడకలోనే సాలెగూళ్లు కనిపించాయి. ఎండాకాలంలోనూ అవి అక్కడే ఉండి ఉంటాయి, మాకు కనబడలేదు. రాత్రి చలికి పట్టిన మంచు పోగు పోగునా గింజల్లా గుచ్చుకుని ఉంది. చిన్నవాడు ఒక గూటికి ముఖం దగ్గరగా పెట్టి మెల్లగా ఊదాడు. గూడంతా వణికింది, బొట్లు కిందికి జారి ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై తెగిపడ్డాయి. మధ్యలోంచి సాలీడు ఒక్క అడుగు ముందుకు వేసి ఆగింది. వాడు ఊపిరి బిగబట్టి నా వైపు చూశాడు. ఇద్దరమూ కదల్లేదు. అలా ఎంతసేపు ఉన్నామో చెప్పలేను.

అక్టోబరు రెండో వారంలో వెళ్లినప్పుడు లెక్క మళ్లీ పన్నెండే, కానీ అంచులు పసుపుపచ్చబడ్డాయి. "రంగు ఎవరు వేశారు?" అంది పెద్దది. ఎవరూ వేయలేదు, పసుపు ముందు నుంచీ లోపలే ఉందంటే నమ్మలేదు. ఇంటికి వచ్చి చూపించాను. పచ్చటి ఆకులు నాలుగు సన్నగా చింపి గాజు గ్లాసులో వేసి, గాయాలు తుడిచే స్పిరిట్ మునిగేంత పోశాను. దాన్ని వేడినీళ్ల గిన్నెలో అరగంట ఉంచాను. స్పిరిట్ దగ్గర మంట ఉండకూడదు, అందుకే పొయ్యి మీద పెట్టలేదు. పిల్లలను పక్కన కూర్చోబెట్టానే కాని గ్లాసు ముట్టనివ్వలేదు. స్పిరిట్ ముదురు పచ్చగా మారాక, వడకట్టే కాగితాన్ని సన్నని పట్టీలా కత్తిరించి కొస తడిసేలా వేలాడదీశాం. గంటలో పచ్చరంగు కాగితం మీదికి పాకింది. దానికి పైన వేలి గోరంత మందాన పసుపు గీత విడివడింది. "దాక్కుంది!" అని అరిచింది అది.

అదే నిజం. పత్రహరితం ఉన్నంతకాలం పసుపు వర్ణకాలు దాని చాటునే ఉంటాయి. పగళ్లు తరిగే కొద్దీ చెట్టు పత్రహరితాన్ని విరిచి అందులోని పోషకాలను లోపలికి లాక్కుంటుంది, అప్పుడు పసుపు బయటపడుతుంది. ఎరుపు సంగతి వేరు. అది దాక్కుని ఉన్నది కాదు, ఆ రోజుల్లోనే ఆకులో కొత్తగా తయారవుతుంది. పగలు మంచి ఎండ, రాత్రి చలి ఉన్న ఏడు అది బాగా తేలుతుంది. ఈ తేడా నాకు కూడా ఆ వారమే తెలిసింది.

పిడుదు దొరికింది కూడా ఆ షికారు నుంచి తిరిగొచ్చాకే. సాయంత్రం స్నానం చేయిస్తుంటే చిన్నవాడి మోకాలి వెనక మడతలో నువ్వు గింజంత నల్లని చుక్క కనిపించింది. తుడిస్తే పోలేదు. దగ్గరగా చూస్తే కాళ్లున్నాయి. నా గుండె దడదడలాడింది. సన్నమొన పట్టుకారుతో చర్మానికి ఆనుకుని పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగాలని మావారికి తెలుసు, ఆయనే తీశారు. ఆ చోట సబ్బునీళ్లతో కడిగి, తేదీ రాసిపెట్టుకుని, దద్దురు గానీ జ్వరం గానీ వస్తుందేమోనని కొన్ని వారాలు గమనించాం. ఏమీ రాలేదు. చల్లబడ్డాక పురుగూపుట్రా ఉండవనుకోవడం పొరపాటు. రాలిన ఆకుల్లో, పొడుగు గడ్డిలో పిడుదులు ఈ కాలంలోనూ తిరుగుతాయి. ఆ తర్వాత ప్రతి షికారుకూ ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపాం. ఇంటికి రాగానే చెవుల వెనక, చంకల్లో, నడుము దగ్గర, మోకాళ్ల వెనక, జుట్టు కుదుళ్లలో వెతకడం స్నానంలో భాగమైపోయింది.

అక్టోబరు మూడో వారంలో మా అత్తగారు కూడా వచ్చారు. మోకాళ్ల నొప్పితో తాను మాకు అడ్డమవుతానని ముందు రానన్నారు. వచ్చాక చూస్తే, ఆ బాట మీద అందరికంటే హాయిగా నడిచింది ఆవిడే. పది అడుగులకొకసారి ఆగుతారు, మనవడూ ఆగుతాడు. ఇద్దరి నడకా సరిగ్గా ఒకటే. మేము అంతవరకు అలవాటు చేసుకోవడానికి కష్టపడిన వేగం ఆవిడకు సహజంగానే ఉంది. మేపుల్ గింజలు రాలుతున్నాయి అప్పుడు. గింజకు ఒక పక్క పలచటి రెక్క ఉంటుంది, పైకి ఎగరేస్తే గిరగిరా తిరుగుతూ నింపాదిగా దిగుతుంది. తిరిగేటప్పుడు రెక్క ముందంచు మీద చిన్న గాలిసుడి ఏర్పడి దాన్ని పైకి పట్టి ఉంచుతుంది, అందుకే గాలికి దూరం కొట్టుకుపోగలుగుతుంది. నానమ్మ బల్ల మీద నిలబడి ఎగరేయడం, పిల్లలు కింద అరచేతులు చాపడం, ముప్పావుగంట ఇదే ఆట. బల్ల మీద నిలబడవద్దని మావారు రెండుసార్లు చెప్పారు. ఆవిడ వినలేదు.

ఆకులు పదకొండు.

చెరువులో ఆ రోజు కొత్త బాతులు దిగాయి. ఎక్కడి నుంచి వచ్చాయని పెద్దది అడిగింది. ఉత్తరం నుంచి, పగళ్లు తరగడాన్ని బట్టి బయలుదేరాల్సిన వేళ తెలుసుకుని వస్తాయని చెప్పాను. వాటి కంటే చాలా దూరం వెళ్లిన ఒక పక్షి కథ కూడా చెప్పాను. 2022 అక్టోబరులో గాడ్విట్ జాతికి చెందిన పక్షి ఒకటి అలాస్కాలో లేచి, ఎక్కడా వాలకుండా పదకొండు రోజులు ఎగిరి, 13,560 కిలోమీటర్లు దాటి టాస్మేనియాలో దిగింది. అప్పటికి దాని వయసు ఐదు నెలలు. పెద్దది కాసేపు ఆలోచించి, "తమ్ముడి కంటే చిన్నది" అంది. తర్వాత తమ్ముడి చెయ్యి పట్టుకుని వాడిని బాట మీద కొంచెం దూరం పరిగెత్తించింది.

ఆ సీజనులో ఒక్క రాత్రి మాత్రం బయట గడిపాం. అక్టోబరు చివర్లో, అమావాస్యకు రెండు రోజుల ముందు, యాభై నిమిషాల దూరంలో కొండ దిగువన ఒక చిన్న అద్దె ఇంట్లో. పిల్లలు కొత్త చోట నిద్రపోరని తెలుసు. ఉతికిన దుప్పట్లు కాకుండా ముందు రాత్రి కప్పుకున్నవే తీసుకెళ్లాం, ఇంటి వాసన ఉంటుందని. అయినా చిన్నవాడు పడుకోవడానికి చాలాసేపు మారాం చేశాడు, తెల్లవారుజామున ఐదింటికే లేచాడు. దీనికి నా దగ్గర మందు లేదు. ఒక్క రాత్రే కాబట్టి అందరం ఓర్చుకున్నాం. రెండు రాత్రులైతే వద్దనే అంటాను.

కానీ ఆ రాత్రి చూసిన ఆకాశం కోసం మళ్లీ వెళ్తాను. ఎండాకాలంలో చీకటి పడేసరికి పిల్లలు నిద్రపోతారు. శరత్తులోనైతే పిల్లలు పడుకునే వేళకు ముందే చుక్కలు వచ్చేస్తాయి. ఈ చిన్న వెసులుబాటు నాకు అంతవరకు తట్టలేదు. ఏడున్నరకు ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, ఫోన్లు లోపలే పెట్టి, దుప్పట్లు కప్పుకుని వాకిట్లో కూర్చున్నాం. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను వెలిగినా మళ్లీ మొదటికే వస్తుంది. తూర్పున చెట్ల పైన పొగమంచు ముద్దలాంటిది ఒకటి లేచింది. చూపు నిలిపితే అందులో చుక్కలు విడివడ్డాయి. "అదిగో పిల్లలకోడి" అన్నారు అత్తగారు.

ఆ పేరు నేను మరిచిపోయి చాలా ఏళ్లయింది. కృత్తికలు అని పుస్తకాల్లో చదివాను, పంచాంగంలో చూశాను. పౌర్ణమి చంద్రుడు వాటి దగ్గర ఉండే నెల కాబట్టే కార్తీకం అని పేరు వచ్చిందనీ తెలుసు. పిల్లలకోడి అన్న మాట మాత్రం ఆవిడ నోట వినేసరికి ఒళ్లు జలదరించింది. పెద్దది ఆరు చుక్కలు లెక్కపెట్టింది. మామూలు కంటికి ఆరే తేలిగ్గా దొరుకుతాయి, నిజానికి అక్కడ వెయ్యికి పైగా ఉన్నాయి. మాకు సుమారు 440 కాంతి సంవత్సరాల దూరం. "కోడి ఏది, పిల్లలేవి?" అని చిన్నవాడు అడిగాడు. నానమ్మ వాడి చూపుడువేలు తన చేతిలోకి తీసుకుని ఆకాశంలోకి ఎత్తి, ఒక్కొక్క చుక్కనూ ముట్టించింది. వాడు మర్నాడు పొద్దున కూడా అదే వేలు ఎత్తి కోడి కోసం వెతికాడు.

నవంబరు మొదట్లో ఏడు ఆకులు. నవంబరు నడుమ రెండు. ఆ రోజు సన్నగా వాన, పెద్దదానికి జలుబు, మేము ఇరవై నిమిషాలకే వెనక్కి వచ్చేశాం. నేను అస్సలు బాధపడలేదు. దగ్గరి చోటుకు వెళ్లడంలో ఉన్న సుఖం ఇదే, ఏ రోజూ దండగ అనిపించదు. మూడు గంటలు ప్రయాణం చేసి ఉంటే జలుబుతోనే నడిపించేవాళ్లం.

చివరిసారి నవంబరు ఆఖరి ఆదివారం వెళ్లాం. బాట మీద ఆకులు మోకాలి లోతు లేవు గానీ చిన్నవాడి మోకాలికి ఉన్నాయి. కొమ్మ మీద ఎర్ర దారం తడిసి నల్లబడింది, దానికి ఇవతల ఒక్క ఆకూ లేదు. ఆకు రాలిన చోట కొమ్మ మీద చిన్న మచ్చ మిగులుతుంది. రాలే ముందే చెట్టు అక్కడ బెరడు లాంటి పొర కట్టుకుని గాయాన్ని మూసేసుకుంటుంది. పెద్దది గ్లవ్ తీసి వేలితో ఆ మచ్చలను తడుముతూ పోయింది. తర్వాత పుస్తకం తెరిచి సున్నా వేసింది. మళ్లీ కొమ్మ దగ్గరికి వెళ్లి, "అమ్మా, ఇవేమిటి?" అంది. ప్రతి మచ్చ పైనా గోధుమగింజంత మొగ్గ, పొలుసులు గట్టిగా మూసుకుని ఉంది. వచ్చే వసంతపు ఆకులు ఎండాకాలంలోనే తయారై అందులో మడిచి ఉన్నాయని చెప్పాను.

లెక్కపెట్టింది. పదమూడు వచ్చింది. తప్పు పోయిందనుకుని మళ్లీ లెక్కపెట్టింది, మళ్లీ పదమూడే. ఆకులు పన్నెండే కదా అంటుంది. నాకూ ఒక క్షణం అర్థం కాలేదు. ఇద్దరం దారం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క మచ్చనూ ఒక్కొక్క మొగ్గతో జత కలుపుతూ వెళ్లాం. జంట, జంట, ఆరు జంటలు. కొమ్మ కొసన, ఏ ఆకుకూ చెందని మొగ్గ ఒకటి మిగిలింది, అన్నిటికంటే లావుగా. కొమ్మ పొడుగెదిగేది అక్కడి నుంచే.

సున్నా పక్కన 13 వేసింది. చిన్నవాడు నా కోటు లాగుతూ ఎత్తుకోమంటున్నాడు, పన్నెండున్నర కావస్తోంది.